డ్రాయరులో పడున్న మౌత్ ఆర్గాన్‌ను మళ్లీ అందుకునేవారికి

మౌత్ ఆర్గాన్ నేర్చుకోవడం మధ్యలో ఆపేసినవాళ్లను కదిపితే తరచూ ఒకే సంగతి బయటపడుతుంది. చేతిలో ఉన్నది ట్రెమొలో రకం, చూసిన పాఠాలు డయాటోనిక్ రకానివి. "నాలుగో రంధ్రం పీలుస్తూ స్వరాన్ని కిందికి వంచండి" అని పాఠం చెబుతుంది. ట్రెమొలో మీద ఎంత గట్టిగా పీల్చినా ఆ స్వరం వంగదు. లోపం తమదేననుకుని పెట్టె మూసేస్తారు. రకం గుర్తుపట్టి, అది చేయగలిగిన పని దానికిస్తే అదే వాద్యం హాయిగా పలుకుతుంది. ఒక్కో రకంలో ఏ స్వరాన్ని ఎక్కడ అమర్చారు, ఏ స్వరాన్ని వదిలేశారు అన్నదాన్ని బట్టి ఊపిరి నడక మారుతుంది, దానితోపాటు పాట తీరూ మారుతుంది. మౌత్ ఆర్గాన్లలో నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇదే.

అందుకే ముందు రంధ్రాలు లెక్కపెట్టండి. ఒకే వరసలో 10 ఉండి, వాద్యం సుమారు 10 సెంటీమీటర్ల పొడవుంటే అది డయాటోనిక్. కుడి చివర నొక్కే బటన్ ఉంటే క్రొమాటిక్. అందులో 12 రంధ్రాలవి మామూలు, 16 రంధ్రాలవీ ఉన్నాయి. పైన ఒకటి, కింద ఒకటి చొప్పున రెండు వరసల చిన్న గళ్లుండి, వాద్యం పొడుగ్గా ఉంటే ట్రెమొలో కావచ్చు, ఆక్టేవ్ కావచ్చు. ఆ రెండింటినీ చెవితోనే విడదీయాలి. ఒక జత గళ్లను ఊదినప్పుడు స్వరం అలలు అలలుగా ఊగితే ట్రెమొలో. ఊగకుండా, ఒకే స్వరం రెండు స్థాయిల్లో కలిసి నిండుగా వినిపిస్తే ఆక్టేవ్. పై రేకు మీదో పక్కనో ఒక ఇంగ్లీషు అక్షరం కూడా చెక్కి ఉంటుంది, అది శ్రుతి. సి అంటే ఒకటో శ్రుతి, డి అంటే రెండు, జి అంటే ఐదు, ఎ అంటే ఆరు. ఈ వ్యాసంలో సి వాద్యాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. శ్రుతి వేరైనా రంధ్రాల లెక్క మారదు.

ఊదే ముందు

ఏళ్ల తరబడి ముట్టుకోనిదాన్ని నేరుగా నోట్లో పెట్టుకోవద్దు. లోపల ఎండిన ఉమ్మి, దుమ్ము, గుడ్డ పోగులు ఉంటాయి. పై రేకుల్ని పట్టి ఉంచేవి మరలా మేకులా చూడండి. మరలైతే సరైన కొలత స్క్రూడ్రైవరుతో విప్పవచ్చు. మేకులైతే ఇప్పుడే వాటి జోలికి వెళ్లకండి, ఒకసారి పీకిన మేకు మునుపటంత బిగుతుగా కూర్చోదు. హోనర్ కంపెనీ 1896లో తెచ్చిన మెరైన్ బ్యాండ్ తరహా వాద్యాలు ఇప్పటికీ చెక్క కోంబ్‌తో, మేకులతో వస్తున్నాయి.

గాలికి కదిలి స్వరం పలికించే సన్నని ఇత్తడి నాలుకలను రీడ్లు అంటారు, అవి బిగించిన లోహపు రేకులు రీడ్ ప్లేట్లు. కోంబ్ అంటే మధ్యలో ఉండే గదుల చట్రం. అది ప్లాస్టిక్‌దైతే రీడ్ ప్లేట్లను విడదీసి, గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క సబ్బు వేసి, మెత్తటి టూత్‌బ్రష్‌తో కడగవచ్చు. రీడ్ల మీద బ్రష్‌ను రివెట్ దగ్గర, అంటే రీడ్‌ను ప్లేటుకు బిగించిన చోట, మొదలుపెట్టి కొస వైపుకే నడపాలి. అడ్డంగా నడిపితే రీడ్ పక్కకు జరిగి, తన గాడి అంచుకు కొట్టుకుని జరజరమంటుంది. ఎదురుగా నడిపితే కుచ్చు రీడ్ కిందికి దూరి దాన్ని పైకి లేపేస్తుంది. చెక్క కోంబ్ అయితే తడి తగలనివ్వకండి. వాద్యాన్ని నీళ్లలో ముంచితే కాసేపు ధ్వని గట్టిగా వస్తుందని పాత అలవాటొకటి ఉంది. చెక్క ఉబ్బి సందులు మూసుకోవడం వల్ల అలా వినిపిస్తుంది. కానీ ఆరాక చెక్క ముడుచుకుని పగుళ్లిస్తుంది, ఉబ్బిన పళ్లు బయటికి పొడుచుకొచ్చి పెదాలను గీరుతాయి. క్రొమాటిక్ అయితే రీడ్ల వెనక పల్చటి ప్లాస్టిక్ నాలుకలు అంటించి ఉంటాయి. వాటిని బ్రష్‌తో రుద్దితే ఊడిపోతాయి.

శుభ్రం చేసి, ఆరనిచ్చి, బిగించాక ప్రతి రంధ్రాన్నీ మెల్లగా ఊది, మెల్లగా పీల్చి చూడండి. ఒక కాగితం మీద మూడు గుర్తులు చాలు: పలకనిది, జరజరమనేది, శ్రుతి తప్పినది. పలకనిదానికి ఎక్కువసార్లు కారణం రీడ్‌కూ గాడికీ మధ్య ఇరుక్కున్న పోగు. పల్చటి ప్లాస్టిక్ ముక్కను రీడ్ కొస కింద దూర్చి మెల్లగా లాగితే వచ్చేస్తుంది. మిగతా రెండింటి సంగతి చివర్లో.

ట్రెమొలో

ట్రెమొలోలో ఒక్కో స్వరానికి రెండు రీడ్లు. పై గడిలో ఒకటి, కింది గడిలో ఒకటి. రెండింటినీ కావాలనే కొంచెం తేడాతో శ్రుతి చేస్తారు. ఒకటి 440 హెర్ట్జ్, ఇంకొకటి 443 హెర్ట్జ్ అనుకుంటే సెకనుకు 3 సార్లు ధ్వని ఉబ్బి తగ్గుతుంది. ఆ ఊగిసలాటే దాని అందం. ఒక్క స్వరం నిలిపి ఊదినా ఏదో కదులుతున్నట్టుంటుంది కాబట్టి, నిదానంగా సాగే పాటలకు దీన్ని మించినది లేదని నా అభిప్రాయం. వేగంగా పరుగెత్తే స్వరాల్లో ఆ అల పూర్తయ్యేలోపే స్వరం మారిపోతుంది, అంతా కలగాపులగంగా వినిపిస్తుంది.

స్వరం ఎందుకు వంగదంటే, ఇందులో ఊదే రీడ్‌కు ఒక గది, పీల్చే రీడ్‌కు వేరే గది ఉంటాయి. ఆ రెండు రీడ్లూ ఒకే గదిలో ఉంటేనే స్వరం చక్కగా వంగుతుంది. ట్రెమొలోలో ఎడమ నుంచి కుడికి ఒక గడి ఊదడానికి, పక్క గడి పీల్చడానికి, మళ్లీ ఊదడానికి, ఇలా సాగుతుంది. మధ్య స్థాయిలో స ఊది, పక్క గడిలో రి పీల్చి, గ ఊది, మ పీల్చి, ప ఊది, ద పీల్చి వెళతాం. ఇక్కడే చాలామంది తడబడతారు. ద పక్కనున్న గడి ని కాదు, తార స్థాయి స. ని దాని అవతల ఉంటుంది. అంటే ద నుంచి ఒక గడి దాటి ని పీల్చి, ఒక గడి వెనక్కి వచ్చి స ఊదాలి. ద, ని, స ఈ మూడింటినే విడిగా, పైకీ కిందికీ, పెదాలు ఆ దూరాన్ని అలవాటు చేసుకునేదాకా వాయించండి. అక్కడి నుంచి తార స్థాయిలో పీల్చే స్వరాలన్నీ తమ జోడీ ఊదే స్వరాలకు కుడి పక్కనే, కానీ వాటికంటే కింది శ్రుతిలో ఉంటాయి. ఈ తలకిందుల అమరిక అర్థమైతే పై స్థాయి భయం పోతుంది.

పెదాలు పై గడినీ కింది గడినీ సమానంగా కప్పాలి. వాద్యం కొద్దిగా పైకి వాలినా ఒక రీడ్‌కు గాలి తక్కువై అల పోతుంది. ఎడమవైపు నాలుగైదు గళ్లను నాలుకతో మూసి, నోటి కుడి మూల నుంచి పాట పలికిస్తూ, తాళం పడినప్పుడు నాలుకను ఎత్తి దించితే పాటకు తోడుగా శ్రుతుల గుంపు, అంటే ఒకేసారి పలికే కొన్ని స్వరాల కూడిక, కూడా పలుకుతుంది. ఒక్కరే వాయిస్తున్నా ఇద్దరు వాయిస్తున్నట్టుంటుంది. నాలుకను ఎత్తడం క్షణంలో సగం ఉండాలి. ఎక్కువసేపు ఎత్తితే పాట మునిగిపోతుంది.

అర్ధ స్వరాలు కావాలంటే సి, సి షార్ప్ ట్రెమొలోలు రెండింటిని ఒకదాని మీద ఒకటి పట్టుకుని, కావలసినప్పుడు పై దానికి మారే పద్ధతి తూర్పు ఆసియా వాదకుల్లో బాగా ఉంది. చేతులకు అలవాటు కావడానికి సమయం పడుతుంది కానీ ఒకసారి పట్టుబడితే ట్రెమొలో మీద పలకని రాగం ఉండదు.

పది రంధ్రాలు

డయాటోనిక్ నాకు అన్నిటికంటే దగ్గరిది, కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. 10 రంధ్రాలు, 20 రీడ్లు. 1 నుంచి 10 దాకా అమరిక ఇది:

ఊదితే: స గ ప స గ ప స గ ప స
పీలిస్తే: రి ప ని రి మ ద ని రి మ ద

ఇవన్నీ ధీరశంకరాభరణం స్వరాలే. కానీ 1 నుంచి 3 దాకా చూడండి, మంద్ర స్థాయిలో మ లేదు, ద లేదు. ప మాత్రం రెండుసార్లు ఉంది, 2 పీల్చినా 3 ఊదినా అదే. పాటలకు తోడుగా శ్రుతుల గుంపులు వాయించడానికి వీలుగా చేసిన అమరిక ఇది. 1, 2, 3 కలిపి ఊదితే స గ ప, 2, 3, 4 కలిపి పీలిస్తే ప ని రి. ఆ వీలు కోసం రెండు స్వరాలను వదిలేశారు. పూర్తి స్వరస్థాయి 4 నుంచి 7 దాకానే దొరుకుతుంది, 4 ఊది, 4 పీల్చి, 5 ఊది, 5 పీల్చి, 6 ఊది, 6 పీల్చి, 7 పీల్చి, 7 ఊది. ఆరో రంధ్రం దగ్గర పీల్చినవాళ్లు ఏడులోనూ మొదట పీల్చాలి. ట్రెమొలోలో చూసిన మలుపే ఇది కూడా.

మళ్లీ మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పే మొదటి రాగం మోహనం. 4 ఊది స, 4 పీల్చి రి, 5 ఊది గ, 6 ఊది ప, 6 పీల్చి ద, 7 ఊది స. ఒక్క స్వరాన్నీ వంచనక్కర్లేదు. ఇప్పుడు అవే ఐదు స్వరాలను ఉంచి, మొదలుపెట్టే చోటు మార్చండి. గ్రహభేదం తెలిసినవారికి ఇక్కడ పండగే. 4 పీల్చినదాన్ని స అనుకుని, 5 ఊది, 6 ఊది, 6 పీల్చి, 7 ఊది, 8 పీల్చితే మధ్యమావతి. 5 ఊదినదాన్ని స అనుకుని, 6 ఊది, 6 పీల్చి, 7 ఊది, 8 పీల్చి, 8 ఊదితే హిందోళం. 6 ఊదినదాని నుంచి 6 పీల్చి, 7 ఊది, 8 పీల్చి, 8 ఊది, 9 ఊదితే శుద్ధ సావేరి. 6 పీల్చినదాని నుంచి 7 ఊది, 8 పీల్చి, 8 ఊది, 9 ఊది, 10 పీల్చితే శుద్ధ ధన్యాసి. చిన్న వాద్యం మీద, ఏ మెలకువా అక్కర్లేకుండా ఐదు రాగాల స్వరూపం దొరుకుతుంది. వెనక ఒక తంబూరా యాప్ పెట్టుకుని ఆధార షడ్జాన్ని ఒక్కో రాగానికీ మారుస్తూ వాయించండి. తంబూరా లేకపోతే చెవి మళ్లీ మోహనం వైపే జారిపోతుంది.

బ్లూస్ వాదకులు పొజిషన్లు అని పిలిచేదీ ఈ సూత్రమే. సి వాద్యం మీద 2 పీల్చినదాన్ని, అంటే జి స్వరాన్ని, ఆధారం చేసుకుంటే రెండో పొజిషన్. అప్పుడు దొరికేవి హరికాంభోజి స్వరాలు. 4 పీల్చినదాన్ని ఆధారం చేసుకుంటే మూడో పొజిషన్, ఖరహరప్రియ స్వరాలు. లిటిల్ వాల్టర్ (1930–1968) వంటి షికాగో వాదకులకు రెండో పొజిషన్ అంతగా నచ్చడానికి కారణం ఉంది. ఆధార స్వరం పీల్చే రంధ్రంలో పడుతుంది. లోతుగా వంగే స్వరాలు కూడా కింది పీల్చే రంధ్రాల్లోనే ఉన్నాయి.

ఇక స్వరాన్ని వంచడం. దీనికి ఒక సూటి నియమం ఉంది: ఒక రంధ్రంలో ఉన్న రెండు స్వరాల్లో పైది మాత్రమే వంగుతుంది, అదీ కింది స్వరానికి అర్ధ స్వరం పైదాకా. ఈ నియమంతో మొత్తం పటం మీరే గీసుకోవచ్చు. (గ3, మ2 అన్నప్పుడు స్వరం పక్కనున్న అంకె రంధ్రానిది కాదు, ఆ స్వరపు మెట్టుది. అంకె పెరిగితే స్వరం పైకి వెళుతుంది.) 2లో పీలిస్తే ప, ఊదితే గ3. మధ్యలో మ2, మ1 ఉన్నాయి, రెండూ దొరుకుతాయి. 3లో ని3, ప మధ్య ని2, ద2, ద1 మూడూ దొరుకుతాయి. మంద్ర స్థాయిలో వదిలేశారన్న మ, ద రెండూ ఇలా తిరిగి వచ్చాయి. 1, 4లలో రి2 వంగి రి1 అవుతుంది, 6లో ద2 వంగి ద1. 5లో, 7లో రెండు స్వరాల మధ్య అర్ధ స్వరమే దూరం, అక్కడ ఏమీ దొరకదు. 8 నుంచి ఊదే స్వరమే పైది కాబట్టి ఊదుతూ వంచాలి. 8లో గ2, 9లో మ2, 10లో ని3, ని2. ఇంత చేసినా మంద్ర, మధ్య స్థాయిల్లో గ2, మధ్య స్థాయిలో మ2, ని2 మిగిలిపోతాయి. వాటికి ఊదుతూనే పీల్చే రీడ్‌ను పలికించే ఓవర్‌బ్లో అనే పద్ధతి ఉంది, 1, 4, 5, 6 రంధ్రాల్లో పనిచేస్తుంది. అమెరికన్ వాదకుడు హొవర్డ్ లీవీ దాన్ని ఒక పూర్తి వాదన పద్ధతిగా నిలబెట్టారు. తోడి లాంటివి పది రంధ్రాల్లో వాయించాలనుకుంటే అది తప్పదు. కానీ రీడ్ కొసకూ ప్లేటుకూ మధ్య ఎడం సరిచేయకుండా ఓవర్‌బ్లో ప్రయత్నించడం వృథా శ్రమ.

వంచడం మొదటిసారి పట్టుకునేవాళ్లు 4 పీల్చడంతో మొదలుపెట్టండి. ముందు ఒక్క రంధ్రమే శుభ్రంగా పలకాలి. వాద్యాన్ని పెదాల లోపలి తడి భాగందాకా పెట్టుకోవాలి, పెదాల కొసలతో పట్టుకుంటే గాలి కారుతుంది. మామూలు స్వరం పీలుస్తూ నాలుకను "ఈ" అనేటప్పుడు ఉండే స్థితిలో ఉంచండి. గాలి ఆపకుండా, నాలుక మధ్యభాగాన్ని వెనక్కి లాగుతూ "ఊ" స్థితికి తీసుకెళ్లండి. దవడ కొద్దిగా కిందికి దిగుతుంది. నోటి లోపలి ఖాళీ పెద్దదైనప్పుడు రెండు రీడ్లూ కలిసి కదలడం మొదలవుతుంది, స్వరం జారుతుంది. గాలి బలం పెంచితే జారదు, రీడ్ అలిసిపోతుంది. చాలా వాద్యాల్లో 4 పీల్చే రీడ్ ముందుగా పాడవడానికి ఈ బలప్రయోగమే ముఖ్య కారణం. 4 వచ్చాక 6, తర్వాత 1, తర్వాత 2. 3ను చివరికి ఉంచండి. మూడు మెట్లున్న చోట కావలసిన మెట్టు మీద ఆగడమే అసలు విద్య, దానికి శ్రుతి చూపే యాప్ తోడుండాలి.

2 పీల్చినప్పుడు గరగరమని, శ్రుతి తక్కువగా వస్తే రీడ్ పోయిందనుకోకండి. తెలియకుండానే దాన్ని వంచుతున్నారన్నమాట. 3 ఊదినప్పుడు వచ్చేది అదే ప. దాన్ని ఊది, వెంటనే 2 పీల్చి, రెండూ ఒకటయ్యేదాకా గొంతు వదులు చేయండి. ఆవులింతకు ముందు గొంతు తెరుచుకునే తీరు కావాలి. ముక్కులోంచి గాలి పోతున్నా ఇదే లక్షణం కనిపిస్తుంది. ఒకసారి ముక్కు మూసుకుని పీల్చి చూడండి, స్వరం బాగుపడితే కారణం తెలిసినట్టే.

బటన్ ఉన్నది

క్రొమాటిక్‌ను డయాటోనిక్‌కు అన్నగా చూడటం నాకు నచ్చదు. ఇది వేరే వాద్యం. ప్రతి నాలుగు రంధ్రాలకూ ఒక స్థాయి. ఊదితే స గ ప స, పీలిస్తే రి మ ద ని. మూడు స్థాయిల్లోనూ ఇదే, ఏ స్వరమూ వదిలేయలేదు. బటన్ నొక్కితే ప్రతి స్వరమూ అర్ధ స్వరం పెరుగుతుంది. 12 రంధ్రాలకు నాలుగేసి చొప్పున 48 రీడ్లు, 16 రంధ్రాలవాటికి 64. లారీ ఆడ్లర్ (1914–2001) దీన్ని సింఫనీ వేదికల మీదికి తీసుకెళ్లారు. బ్రస్సెల్స్‌లో పుట్టిన టూట్స్ థీలెమాన్స్ (1922–2016) జాజ్‌లో దీని గొంతును నిలబెట్టారు.

అమరికలో గమనించాల్సింది రెట్టింపు స్వరాలు. 4 ఊదినా 5 ఊదినా తార స్థాయి స ఒక్కటే. అదీగాక 4 పీలుస్తూ బటన్ నొక్కినా ని3 పెరిగి అదే స వస్తుంది. 2 ఊదుతూ బటన్ నొక్కితే గ3 పెరిగి మ1, అది 2 పీల్చినా ఉంది. ఒకే స్వరానికి ఊదే దారి, పీల్చే దారి రెండూ ఉండటం వల్ల పాటలో ఊపిరి ఎక్కడ తిరగాలో మీరే నిర్ణయించుకోవచ్చు. ఒక పల్లవిని తీసుకుని, ఊపిరి దిశ వీలైనన్ని తక్కువసార్లు మారేలా కాగితం మీద రాసుకుని వాయించి చూడండి. అతుకులన్నీ మాయమవుతాయి. క్రొమాటిక్ మాధుర్యంలో సగం ఈ లెక్కలోనే ఉంది.

ఇందులో స్వరాన్ని జార్చవచ్చు కానీ అది డయాటోనిక్ వంపు కాదు. రీడ్ల వెనకున్న వాల్వులు, అంటే నేను ముందు చెప్పిన ప్లాస్టిక్ నాలుకలు, పక్క రీడ్‌కు గాలి వెళ్లకుండా అడ్డుకుంటాయి. అందుకే ఒంటరి రీడ్ మాత్రమే జారుతుంది, మెత్తగా. రెండు స్వరాల మధ్య జారుగా సాగే గమకాలకు ఇది బాగా కుదురుతుంది. కంపిత గమకాన్ని మాత్రం బటన్‌తో చేయబోకండి, మెట్లు మెట్లుగా వినిపిస్తుంది. గొంతుతోనో పొట్ట కండరంతోనో చేయాలి.

క్రొమాటిక్ ఇబ్బందుల్లో ఎక్కువ భాగం చలివల్లే. వెచ్చటి ఊపిరి చల్లటి లోహానికి తగిలి నీరవుతుంది, ఆ తడికి వాల్వులు ప్లేటుకు అతుక్కుంటాయి. స్వరం ఆలస్యంగా పలకడం, టప్‌మని శబ్దం రావడం, పిల్లికూతలాంటి ధ్వని, అన్నీ దాని గుర్తులే. వాయించే ముందు పది నిమిషాలు రెండు చేతుల్లోనో చొక్కా లోపలో ఉంచి ఒంటి వేడికి తీసుకురండి. అప్పటికీ ఒక వాల్వు అతుక్కుంటుంటే పై రేకు విప్పి, పల్చటి కాగితాన్ని దాని కింద దూర్చి, మెల్లగా నొక్కి లాగండి. బటన్ బిగుసుకుంటే స్లైడ్‌లో, అంటే బటన్‌తో జరిగే పలకలో, ఎండిన ఉమ్మి చేరిందన్నమాట. స్లైడ్ భాగాల్ని విప్పి గోరువెచ్చని నీళ్లలో కడిగి తుడిస్తే చాలు. నూనె వేయకండి, దుమ్ము పట్టి వారంలో అంతకంటే బిగుసుకుంటుంది. విప్పేటప్పుడు ఏ పలక ఏ వైపు చూస్తోందో ఫోటో తీసి పెట్టుకోండి.

గాలి బలం విషయంలోనూ అలవాటు మార్చుకోవాలి. డయాటోనిక్ మీద గట్టిగా వాయించేవారు క్రొమాటిక్ అందుకుంటే పై రంధ్రాలు మూగబోతాయి. 9 నుంచి 12 దాకా చాలా కొద్ది గాలి చాలు.

ఆక్టేవ్ రకానికి ట్రెమొలో పట్టు, అమరిక చాలావరకు పనికొస్తాయి. అల లేనందువల్ల వేగమైన నృత్య సంగీతానికి, బరువైన పాటలకు బాగుంటుంది. బేస్ మౌత్ ఆర్గాన్, 48 శ్రుతి గుంపులున్న కార్డ్ మౌత్ ఆర్గాన్ బృందాల కోసం చేసినవి. బేస్‌లో సాధారణంగా అన్నీ ఊదే స్వరాలే, కాబట్టి ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ముందే లెక్క వేసుకోవాలి. ఒక క్రొమాటిక్, ఒక కార్డ్, ఒక బేస్ కలిస్తే ముగ్గురితో పూర్తి బృందం అవుతుంది. ఎవరి దగ్గరైనా బేస్ దొరికితే ఒక్క స్వరమైనా ఊది చూడండి. పెద్ద రీడ్ కదలడం మొదలుపెట్టేందుకు తీసుకునే సమయాన్ని పెదాలతో తెలుసుకోవచ్చు. తాళానికి రవ్వంత ముందు ఊదాలన్నది అప్పుడు అర్థమవుతుంది.

జరజర, శ్రుతి, ఎడం

ముందు రాసి పెట్టుకున్న కాగితం తీయండి. జరజరమనే రీడ్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టి గాడిలోంచి చూడండి. రెండు పక్కలా సన్నని వెలుగు గీతలు సమానంగా కనిపించాలి. ఒక పక్క గీత లేకపోతే రీడ్ అటు జరిగింది. రివెట్ దగ్గర, చాలా కొద్దిగా, ఎదురు వైపుకు తిప్పాలి. రీడ్ మధ్యలో పట్టుకుని తోస్తే వంకర వస్తుంది.

రీడ్ కొసకూ ప్లేటుకూ మధ్య ఎడం దాదాపు రీడ్ కొస మందమంత ఉండాలన్నది మొదలుపెట్టడానికి మంచి కొలత. కింది స్వరాలకు కొంచెం ఎక్కువ, పై స్వరాలకు తక్కువ. మరీ తక్కువైతే గట్టిగా ఊదగానే రీడ్ ఆగిపోతుంది. మరీ ఎక్కువైతే మెల్లగా ఊదినప్పుడు పలకదు, గాలి తినేస్తుంది. సరిచేయాలంటే చెక్క టూత్‌పిక్‌తో రీడ్‌ను కొద్దిగా వంచి వదలండి, వాయించి చూడండి, మళ్లీ వంచండి. ఒకేసారి సరిపోవాలని చూస్తే అతిగా వంగుతుంది.

శ్రుతి తప్పినదాన్ని పట్టుకోవడానికి యాప్ కంటే మేలైన దారి డయాటోనిక్‌లో ఉంది. 2, 3 రంధ్రాలను నాలుకతో మూసి 1, 4 కలిపి ఊదండి. రెండు స్థాయిల స ఊగకుండా నిలవాలి. పీల్చి చూస్తే రెండు రి. ఊగితే ఒకటి తప్పింది. ఏది తప్పిందో అప్పుడు యాప్‌తో చూడండి. చాలా వాద్యాలను ఎ స్వరం 440 కంటే రెండు మూడు హెర్ట్జ్ పైన శ్రుతి చేసి పంపుతారు, ఊదే ఒత్తిడికి స్వరం కొంత దిగుతుంది కాబట్టి. అంచేత సూది కాస్త పైన నిలిస్తే కంగారు పడనక్కర్లేదు. గాంధారం 14 సెంట్ల వరకు (సెంటు అంటే అర్ధ స్వరంలో నూరో వంతు) కిందికి చూపితే అదీ తప్పు కాకపోవచ్చు. శ్రుతి గుంపులు తీయగా వినిపించాలని కొందరు తయారీదారులు కావాలనే అలా చేస్తారు.

శ్రుతి పెంచాలంటే రీడ్ కొస దగ్గర, తగ్గించాలంటే రివెట్ దగ్గర రెండు మూడు సన్నని గీతలు గీస్తారు. కొస తేలికైతే రీడ్ వేగంగా కదులుతుంది, మొదలు బలహీనమైతే నిదానంగా కదులుతుంది. గీసేటప్పుడు రీడ్ కింద పల్చటి రేకు ముక్క పెట్టాలి, అడ్డంగా కాక పొడవునా గీయాలి. డయాటోనిక్‌లో పీల్చే రీడ్లు కింది ప్లేటుకు బయటి వైపునే ఉంటాయి కాబట్టి రేకు తీస్తే చేతికందుతాయి. ఊదే రీడ్లు పై ప్లేటుకు లోపలి వైపున ఉంటాయి, ప్లేటు విప్పాలి. ట్రెమొలోలో అయితే జతలోని ఒక గడిని కాగితం ముక్కతో మూసి ఒక్కో రీడ్‌నే విడిగా చూసుకోవాలి. రెండింటినీ ఒకటి చేసేస్తే అల పోతుంది.

ఒక రీడ్ శ్రుతి ఉన్నట్టుండి పడిపోయి, సరిచేసినా వారం తిరగకుండా మళ్లీ పడిపోతే అది లోపల పగిలింది. ఇత్తడి అలిసిపోతే ఇలాగే అవుతుంది. గీతలు గీయడం ఆపండి. ఆ రీడ్‌ను గానీ మొత్తం ప్లేటును గానీ మార్చాలి. ప్లేట్లు విడిగా అమ్మే మోడల్‌ను ఎంచుకుంటే అలాంటి రోజు వచ్చినప్పుడు పై రేకులు, కోంబ్ మిగులుతాయి. అందుకే కొత్తగా కొనేటప్పుడు మరలున్నదే తీసుకోండి. సి ఇప్పటికే ఉంటే తర్వాతిది ఎ తీసుకోండి. స్వరాలు కాస్త కిందివి కాబట్టి వంపు నేర్చుకోవడం సులువు. జి ఇంకా కిందిది, 2, 3 రంధ్రాల వంపుకు నోరు బాగా తెరుచుకోవాలి. ఎ మీద అవి నిలకడగా వచ్చాక తీసుకుంటే తొందరగా లొంగుతుంది.